రాళ్ళ గురించి రాసినవాడి బాకీ

ఒక పుస్తకం ఒక ఊరికి నష్టం చేయగలదా? నేనడుగుతున్నది నిషేధాలకి గురైన పుస్తకాల సంగతి కాదు, ద్వేషం రెచ్చగొట్టే పుస్తకాల సంగతీ కాదు. శ్రద్ధగా, కష్టపడి, ఇష్టంతోనే రాసిన ఒక పండిత గ్రంథం సంగతి. అది చదివి ముచ్చటపడ్డవాళ్ళు ఆ ఊరి మీద పడి, మిగిలి ఉన్న కాస్తా తవ్విపోస్తే, ఆ పాపంలో రాసినవాడికి వాటా ఉంటుందా?

అమరావతి స్తూపం దగ్గర నిలబడితే ఈ ప్రశ్నని తప్పించుకోవడం కష్టం. గుంటూరు నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. దారికి అటూ ఇటూ పత్తి, మిర్చి. తీరా వెళ్ళాక కనిపించేది గుండ్రటి లోతట్టు దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు, పక్కన ఒక మ్యూజియం. ఒకప్పుడు ఇక్కడ దక్షిణ భారతంలోనే పేరున్న మహాస్తూపం ఉండేదని, దాని చుట్టూ మనిషిని మించిన ఎత్తున చెక్కిన రాతి ప్రాకారం ఉండేదని చెబితే, మొదటిసారి వచ్చినవాళ్ళు అనుమానంగా చూస్తారు. వాళ్ళ తప్పేం లేదు. ఆ శిల్పాల్లో గొప్పవి చాలా వరకు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. ఇక్కడ మిగిలింది ఎక్కువగా ఖాళీ.

ఆ ఖాళీకి ఒక చరిత్ర ఉంది. అందులో జమీందారు ఉన్నాడు, సర్వేయరు ఉన్నాడు, కలెక్టర్లున్నారు, గవర్నరున్నాడు. వాళ్ళందరి మధ్యా, పలుగు పట్టకుండా కలం మాత్రమే పట్టిన మనిషి ఒకడున్నాడు. పేరు జేమ్స్ ఫెర్గూసన్. భారతీయ కట్టడాల చరిత్ర అనే చదువుకి పునాది వేసినవాడు. నాకు ఆయన మీదే ఆసక్తి. పలుగు పట్టినవాళ్ళ తప్పొప్పులు తేల్చడం తేలిక. కలం పట్టినవాడి లెక్క తేల్చడం అంత తేలిక కాదు.

ఫెర్గూసన్ 1808లో స్కాట్లండ్‌లో పుట్టాడు. కలకత్తా వచ్చి నీలిమందు వ్యాపారం చేశాడు. బెంగాల్ రైతు వెన్ను విరిచిన పంట అది. ఆ డబ్బుతో దొరికిన తీరికలో 1835 నుంచి 1842 వరకు దేశం తిరిగి గుళ్ళు, గుహలు చూసి బొమ్మలు గీసుకున్నాడు. యూనివర్సిటీ పండితుడు కాదు, ప్రభుత్వోద్యోగీ కాదు. సొంత కళ్ళని నమ్ముకున్న మనిషి. గ్రంథాల్లో ఏం రాసుందనేదానికన్నా, రాయి ఎలా చెక్కి ఉంది, దూలం ఎలా నిలిచింది అన్నదే గట్టి సాక్ష్యమని ఆయన వాదన. పుస్తకం అబద్ధమాడుతుంది, తిరగరాయబడుతుంది. కట్టడం కట్టినప్పటి మాటే చెబుతుంది అనుకునేవాడు. ఇప్పుడు వింటే మామూలుగా ఉంటుంది గానీ, సంస్కృత గ్రంథాలే భారతదేశమని యూరప్ అనుకుంటున్న రోజుల్లో అది పెద్ద మాట.

ఆయన రాతకి బలం ఉండేది. 1843లో గుహాలయాల మీద ఆయన లండన్‌లో చదివిన వ్యాసం తర్వాతే, అవి పాడైపోతున్నాయని రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఈస్టిండియా కంపెనీకి మొర పెట్టుకుంది. కంపెనీ కదిలి, అజంతా చిత్రాలకి నకళ్ళు గీయడానికి 1844లో రాబర్ట్ గిల్ అనే సైనికాధికారిని నియమించింది. ఒక వ్యాసం ఒక కంపెనీ చేత డబ్బు ఖర్చు పెట్టించింది! ఆ నకళ్ళు చాలా మటుకు 1866లో లండన్ శివారులోని క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అజంతా గుహలు మాత్రం అజంతాలోనే ఉన్నాయి కాబట్టి నష్టం నకళ్ళతో ఆగింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక అమరావతి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన నివాసం ఇక్కడికి మార్చి కొత్త పట్నం కట్టుకున్నాడు. పక్కనే దీపాలదిన్నె అని పిలిచే పెద్ద దిబ్బ. కొత్త పట్నానికి రాయి కావాలి, దిబ్బలో రాయి ఉంది. చెరువు మెట్లకీ గోడలకీ పలకలు తరలిపోయాయి. అది పల్నాటి సున్నపురాయి కావడం ఇంకో శాపం. కాలిస్తే సున్నం అవుతుంది. దాన్ని సున్నంగా కాల్చినవాడికి అది బుద్ధుడి జాతక కథ అని తెలీదు. ఇల్లు కట్టుకోవాలి, సున్నం కావాలి, అంతే.

కర్నల్ కాలిన్ మెకంజీ 1797–98 ప్రాంతంలో మొదటిసారి ఆ దిబ్బని చూశాడు. 1816లో తన బృందంతో తిరిగొచ్చేసరికి చాలా పోయింది. మిగిలినదాన్ని కొలిచి, ఏ పలక ఎలా ఉందో ఓపిగ్గా బొమ్మలు గీయించాడు. మెకంజీ అంటే మనం దొర ఒక్కడినే ఊహించుకుంటాం గానీ, ఆయనకి ఈ దేశపు తలుపులు తెరిచింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల్లాంటి తెలుగు పండితులు. బొర్రయ్య 1803లోనే పోయాడు, లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. మెకంజీ గీయించిన పలకల్లో చాలావాటికి ఇవాళ ఆ బొమ్మే మిగిలింది. రాయి లేదు.

తర్వాత రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్ని పలకల్ని మచిలీపట్నం తెచ్చి బజారు నడుమ దిబ్బలా అమర్చాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా శిల్పాల్ని మద్రాసు పంపాడు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఎండకి ఎండి వానకి తడిశాయి. 1859లో నూటికి పైగా పలకలు ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడ ఇండియా మ్యూజియం ఉన్న ఫైఫ్ హౌస్‌లో, గుర్రపుబళ్ళు పెట్టుకునే షెడ్డులో పడేశారు.

ఆ షెడ్డులోకే ఫెర్గూసన్ వెళ్ళాడు. 1867 పారిస్ ప్రదర్శనకి భారతీయ కట్టడాల ఫోటోలు సిద్ధం చేసే పనిలో ఉండగా, ఆయనకి ఈ రాళ్ళు కనపడ్డాయి. దుమ్ము దులిపించి, ఫోటోలు తీయించి, మెకంజీ బొమ్మలతో పక్కపక్కన పెట్టి, ముక్కముక్కగా స్తూపాన్ని కాగితం మీద మళ్ళీ కట్టాడు. 1868లో ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’ అన్న పెద్ద పుస్తకం వచ్చింది. సగం సాంచి, సగం అమరావతి. 1873లో రెండో ముద్రణ. చూస్తూండగానే, షెడ్డులో చెత్తలా పడున్నవి ప్రపంచ కళాఖండాలైపోయాయి. భారతీయ శిల్పకళలో పతాక స్థాయి అమరావతిదేనని ఫెర్గూసన్ తీర్పు ఇచ్చాడు. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఆ రాళ్ళకి ప్రత్యేకమైన గది ఉందంటే, ఆ వరసలో మొదటి అడుగు ఆయనదే.

ఇంతవరకూ ఇది ఉద్ధారణ కథ. అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది.

పుస్తకంతో అమరావతికి పేరొచ్చింది. పేరొచ్చిన చోట ఇంకా ఏముందో చూడాలనిపిస్తుంది. 1877లో రాబర్ట్ సూయల్ తవ్వాడు. ఈయనే తర్వాత విజయనగరం మీద పుస్తకం రాసిన సూయల్. ఆ తర్వాత మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్‌కి ఉత్సాహం పుట్టింది. 1880లో ఆయన ఆదేశంతో దిబ్బ మొత్తం శుభ్రంగా తవ్విపోశారు. ఏ పలక ఎక్కడ, ఏ లోతులో, దేని పక్కన దొరికిందో సరిగా రాసుకోలేదు. లోపలి రాళ్ళు బయటికి తీసి చుట్టూ పడేశారు. 1881 చివర్లో ఫెర్గూసన్ స్నేహితుడు, ఆయనతో కలిసి గుహాలయాల మీద పుస్తకం రాసిన జేమ్స్ బర్జెస్ వచ్చి చూస్తే, స్తూపం ఉండాల్సిన చోట పెద్ద గొయ్యి. శతాబ్దాల పాటు వర్షాలకీ, జమీందారుకీ, సున్నపు బట్టీలకీ పోగా మిగిలిన మట్టి కట్టడం, కళాభిమానం ఉన్న గవర్నరు చేతిలో పూర్తయింది.

ఇప్పుడు అడుగుదాం: ఇందులో ఫెర్గూసన్ వాటా ఎంత?

చట్టం లెక్కలో సున్నా. ఆయన తవ్వమనలేదు. పుస్తకం ఆజ్ఞ కాదు. పైగా ఆయన రాయకపోయి ఉంటే లండన్ రాళ్ళు ఆ షెడ్డులో ఇంకా ఎన్నేళ్ళు మగ్గేవో, అమరావతిలో మిగిలినవి ఎంత వేగంగా సున్నమయ్యేవో ఎవరూ చెప్పలేరు. ‘తీసుకెళ్ళకపోతే ఇక్కడ మిగిలేవా?’ అన్న వాదన వలసవాదుల సాకు అని కొట్టిపారేయడం నాకు ఇష్టమే గానీ, అమరావతి విషయంలో అంత సులువుగా కొట్టిపారేయలేను. సున్నం కాల్చింది మనవాళ్ళే. మెట్లకి పరిచింది మన రాజావారే.

అయినా ఆ సున్నా దగ్గర మనసు ఆగదు. ఎందుకంటే సున్నం కాల్చినవాడికీ గవర్నరుకీ ఒక తేడా ఉంది. సున్నం కాల్చినవాడికి అది రాయి. గవర్నరుకి అది కళ. కళ అని తెలిసిన తర్వాతే అంత శ్రద్ధగా, అంత సంపూర్ణంగా ఖాళీ చేశాడు. తెలియడం వల్ల ఆపద తగ్గలేదు, రూపం మార్చుకుంది. ఆ తెలివిని పంచిపెట్టింది పుస్తకం. అందుకని నేను ప్రశ్నని కాస్త మార్చి అడుగుతాను. ఫెర్గూసన్ దోషా కాదా అని కాదు. ఆయన పుస్తకం పాఠకులకి ఏం నేర్పింది, ఏం నేర్పలేదు?

అందమైన పలకని గుర్తుపట్టడం నేర్పింది. ఆ పలక నిలబడ్డ చోటుకి కూడా విలువుందని నేర్పలేదు. నేర్పడం కష్టం కూడా, ఎందుకంటే ఆ పుస్తకమే చోటు లేకుండా పుట్టింది. లండన్ షెడ్డులో, పునాది నుంచి విడిపోయిన రాళ్ళని చూసి, ఫోటోల్లో అమర్చి రాసింది. పలక పక్కన పలక పెట్టుకుంటూ పోతే స్తూపం కాగితం మీద ఎంత చక్కగా లేచి నిలబడిందంటే, నేల మీది దిబ్బ ఇక ముడిసరుకులా కనపడింది. ఇంకా మంచి పలకలు దొరికే గనిలా.

గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. టిక్కీల్లోంచి గుప్పెడు కాయలు తీసి, విరిచి, రంగు చూసి, ఇది తేజ, ఇది 334, ఇది తాలు అని గ్రేడు కట్టేస్తారు. వాళ్ళ నైపుణ్యాన్ని తక్కువ చేయడం లేదు; ఒక్క చూపులో చెప్పేస్తారు. కానీ ఆ గుప్పెట్లో చేను లేదు. ఏ నేల, ఏ బోరు నీళ్ళు, ఎన్నో కోత, ఎవరి అప్పు, ఏదీ కనపడదు. కనపడనక్కర్లేదు కూడా, అది బజారు. చదువు కూడా బజారులాగే గ్రేడు కట్టి ఊరుకుంటేనే ఇబ్బంది.

ఫెర్గూసన్ గ్రేడులు కట్టాడు, అవీ జాతుల లెక్కన. పుస్తకం పేరులోనే ఉంది: చెట్లని, పాముల్ని పూజించడం. అమరావతి పలకల మీద పడగలు విప్పిన నాగరాజులు నిజంగానే చాలా చోట్ల కనిపిస్తారు. దాన్ని ముందుగా గట్టిగా పట్టుకుని చెప్పినవాడు ఆయనే, ఆ మెచ్చుకోలు ఆయనకి దక్కాలి. అక్కడితో ఆగలేదు. చెట్టుని, పాముని కొలిచేది ఆర్యులకి ముందున్న ఒక ‘తక్కువ’ జాతి లక్షణమని, దాని మీద మతాలు పొరలుగా పేరుకున్నాయని, కళ చరిత్ర అంటే ఆ జాతుల రక్తం చరిత్రేనని ఒక సిద్ధాంతం అల్లాడు. మన పల్నాటి ఊళ్ళలో నాగులచవితికి ఇప్పటికీ పుట్టలో పాలు పోస్తారు. రావి, వేప చెట్లకి పెళ్ళి చేస్తారు. చేసేవాళ్ళలో డిగ్రీలున్నవాళ్ళు, అమెరికాలో పిల్లలున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఏ జాతి అవశేషమో ఫెర్గూసన్ సిద్ధాంతం ప్రకారం చెప్పమంటే నవ్వొస్తుంది. నూటయాభై ఏళ్ళ క్రితం అది నవ్వులాట కాదు, శాస్త్రం.

దాని నీడ ఇంకా ఉంది. 1876లో వచ్చిన ఆయన భారతీయ వాస్తు చరిత్ర గ్రంథం దేశంలోని గుళ్ళన్నిటినీ ద్రావిడ, చాళుక్య, ఇండో-ఆర్యన్ అంటూ గళ్ళలో సర్దింది. ద్రావిడం అన్నమాట మన శిల్పశాస్త్రాల్లోనూ ఉంది, కానీ అక్కడ అది విమానం ఆకారానికి పేరు. ఫెర్గూసన్ చేతిలో అది జాతి పేరైంది. పరీక్షల కోసం నాగర, ద్రావిడ, వేసర అని బట్టీ పట్టిన ప్రతివాడి బుర్రలోనూ రెండర్థాలూ కలిసిపోయే ఉంటాయి. పేరు పెట్టడమంటే అదే. పెట్టినవాడు పోతాడు, పేరు పనిచేస్తూనే ఉంటుంది. ఇలియట్ తీసిన రాళ్ళని ‘మార్బుల్స్’ అన్నారు, ఏథెన్స్ నుంచి వచ్చిన ఎల్గిన్ మార్బుల్స్ పక్కన పెట్టినట్టు. అది చలువరాయి కాదు, సున్నపురాయి. ఆ పేరే చాలాకాలం చెల్లింది.

ఇక్కడో విచిత్రం. ఫెర్గూసన్ అమరావతిని క్రీస్తు తర్వాత నాలుగో శతాబ్దంలో పెట్టాడు. పుస్తకం ఉపశీర్షికలోనే ఆ మాట ఉంది. తప్పు. స్తూపం క్రీస్తుకి ముందే మొదలైందని, చెక్కిన ప్రాకారం ముఖ్యంగా శాతవాహనుల కాలంలో, క్రీస్తు తర్వాత తొలి శతాబ్దాల్లో రూపుదిద్దుకుందని తర్వాత తేలింది. ఎలా తేలింది? శాసనాల వల్ల. పులుమావి పేరున్న శాసనం వల్ల, లిపి పోలికల వల్ల. ఫెర్గూసన్ వేయించిన ఫోటోలనే ముందు పెట్టుకుని, ఆయన వాదాన్ని ఆయన బొమ్మలతోనే కొట్టేయగలిగారు. ఆయన ఎక్కువ మోజుపడింది సిద్ధాంతం మీద. మనకి పనికొచ్చింది బొమ్మలు.

నా ఆలోచన ఇక్కడే ఒక కొలిక్కి వచ్చింది. పండితుడు తప్పు చెప్పడం పెద్ద నేరం కాదు. తను తప్పని నిరూపించగలిగే సాక్ష్యాన్ని వదిలి వెళ్ళాడా లేదా, అదీ అసలు పరీక్ష. మెకంజీ బొమ్మలు ఆ పరీక్షలో నెగ్గాయి. వాటిలో సిద్ధాంతం తక్కువ, కొలత ఎక్కువ. మెకంజీతో విభేదించేవాడు కూడా వాటిని వాడుకోవచ్చు. ఫెర్గూసన్ ఫోటోలు నెగ్గాయి, ఆయన జాతి సిద్ధాంతం ఓడింది. 1880 తవ్వకం పూర్తిగా ఓడింది, ఎందుకంటే అది ప్రశ్నలని కూడా తవ్విపోసింది. స్తూపం ఎన్ని దశల్లో కట్టారు, ఏ పలక దేనికి ఆనుకుని ఉంది అన్న వాదనలు ఇవాళ పండితుల మధ్య తెగకపోవడానికి పెద్ద కారణం ఆ గొయ్యి. రాయి పోతే ఒక వస్తువు పోయింది. రాయి ఉన్న చోటు పోతే, మనల్ని సరిదిద్దగలిగే సాక్షి పోయాడు.

ఫెర్గూసన్ ఈ పరీక్షలో మనిషిగా ఎక్కడ ఓడాడో చూడాలంటే అమరావతి నుంచి కలకత్తా వెళ్ళాలి. భారతదేశంలో రాతి కట్టడం అశోకుడి కాలంలో, గ్రీకుల పరిచయం తర్వాతే మొదలైందని ఆయన అభిప్రాయం. బెంగాలీ పండితుడు రాజేంద్రలాల్ మిత్ర ఒప్పుకోలేదు. అంతకుముందే మనకి రాతిపని తెలుసని వాదించాడు. ఆ వాదనలో ఎవరు ఎంతవరకు సరైనవారన్నది వేరే చర్చ. ఫెర్గూసన్ జవాబిచ్చిన తీరు చూడండి. 1884లో మిత్ర మీద ఏకంగా ఒక పుస్తకం రాశాడు. అప్పటికి ఏడాది ముందే ఇల్బర్ట్ బిల్లు గొడవ నడిచింది: భారతీయ మేజిస్ట్రేట్లు యూరోపియన్ల కేసులు విచారించవచ్చా అన్న గొడవ. ఫెర్గూసన్ గుళ్ళ మీది వాదనని ఆ గొడవతో ముడిపెట్టి, యూరోపియన్ల మీద తీర్పు చెప్పే అర్హత ‘నేటివు’లకి లేదనడానికి మిత్రని ఉదాహరణగా చూపాడు. రాయి అబద్ధమాడదని జీవితమంతా చెప్పినవాడు, తనని సరిదిద్దబోయిన మనిషి రంగు చూశాడు. రెండేళ్ళకి, 1886లో కన్నుమూశాడు.

ఆ కాలంలో అందరూ అంతే అనడం సరిపోదు. 1880లలో ప్రాచీన కట్టడాల క్యురేటర్‌గా ఉన్న హెన్రీ హార్డీ కోల్, అమరావతి రాళ్ళని మద్రాసుకి తరలించడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఉన్నచోటే కాపాడాలని, అచ్చులు తీసుకుని మ్యూజియాలకి అవి ఇస్తే చాలని ఆయన వాదన. బర్జెస్ ఒప్పుకోలేదు, శిల్పాలు మద్రాసు వెళ్ళాయి. అంటే ఉన్నచోటికి విలువుందన్న ఆలోచన ఆ రోజుల్లోనే, ఆ ప్రభుత్వంలోనే ఉంది. వినలేదంతే. ఇంకా వెనక్కి వెళితే, 1834లో లండన్‌లో అచ్చయిన రామ్ రాజ్ గ్రంథం ఉంది. శిల్పశాస్త్రాలు సేకరించి, అర్థంకాని మాటల్ని పనిచేస్తున్న శిల్పుల దగ్గర అడిగి తెలుసుకుని రాసిన పుస్తకం. ఆయన సాక్షులు బతికున్నవాళ్ళు. తప్పు రాస్తే కాదనగలిగినవాళ్ళు.

అసలు అమరావతి పలకలే తమ గురించి తాము చెప్పుకున్నాయి. వాటి మీద దానమిచ్చినవాళ్ళ పేర్లున్నాయి. పూర్ణకుంభం చెక్కించిన పలక మీద, విధికుడనే చర్మకారుడు తన ఇంటివాళ్ళతో కలిసి ఇచ్చిన దానమని ఉంది. గృహిణులున్నారు, భిక్షుణులున్నారు, వర్తకులున్నారు. ఈ మహాస్తూపాన్ని ఏ జాతి కట్టిందని ఫెర్గూసన్ తల బద్దలుకొట్టుకుంటుండగా, ఒక తోలుపని చేసేవాడు తన పేరు రాసిపెట్టి రెండువేల ఏళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాడు. 1942లో మద్రాసు మ్యూజియం ప్రచురించిన గ్రంథంలో సి. శివరామమూర్తి ఈ శాసనాల్ని, శిల్పాల్లోని నగలని, బట్టలని, ఆటలని, సంస్కృత ప్రాకృత సాహిత్యంతో కలిపి ఓపిగ్గా చదివాడు. పలకలు అప్పటికి నాలుగు దిక్కులా చెదిరిపోయినా, వాటిని కట్టినవాళ్ళ ప్రపంచంలోకి తిరిగి చేర్చే పని అది.

ఇదంతా దొరల పాత కథ అనుకుని పక్కన పెట్టగలిగితే హాయిగా ఉండేది. పెట్టలేం. 2015లో రాష్ట్ర రాజధానికి అమరావతి అని పేరు పెట్టుకున్నాం. ముప్పై వేల ఎకరాలకు పైగా భూమి సేకరించిన ఆ ఇరవై తొమ్మిది గ్రామాల్లో స్తూపం ఉన్న ఊరు లేదు. 2022లో జిల్లాలు విడదీశాక, రాజధాని గుంటూరు జిల్లాలో, స్తూపం పల్నాడు జిల్లాలో ఉన్నాయి. పేరు ఒకచోట, రాయి ఒకచోట. ఫెర్గూసన్ చేసినదే మనమూ చేశాం: చోటు నుంచి అందాన్ని విడదీసి, కావలసిన చోటికి మోసుకెళ్ళాం. రాజధాని కట్టొద్దని కాదు నేననేది. స్తూపం బొమ్మ బ్రోచర్ల మీదికి ఎక్కినంత తేలిగ్గా ఆ దిబ్బ మీదికి మన శ్రద్ధ ఎక్కలేదని మాత్రమే.

అలాగే మన రాతల సంగతీ. ఊళ్ళ మీద ఇప్పుడు చాలామంది రాస్తున్నారు, వీడియోలు తీస్తున్నారు. పాత గుడి, వీరగల్లు, దిగుడుబావి దొరికితే చాలు, ఆ సాయంత్రమే పోస్టు పడుతుంది. మంచిదే. కానీ రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ వీరగల్లు పక్కకి జరిగితే, అది ముందు ఎక్కడ, ఏ దిక్కుకి తిరిగి ఉండేదో మన పోస్టు చూసి చెప్పగలరా? చెట్టు కింద దాన్ని కొలిచే ముసలావిడ దాన్ని ఏ పేరుతో పిలుస్తుందో రాసుకున్నామా, లేక మన పేరు మనం పెట్టేశామా? నా లెక్కలో రాసినవాడి బాకీ ఇది. పెద్ద సిద్ధాంతం కాదు. తర్వాత వచ్చేవాడు మనల్ని కాదనడానికి కావలసినంత సరుకు ఉంచి వెళ్ళడం.

నరసరావుపేటకి దగ్గర్లో చేజర్ల అనే ఊరుంది. అక్కడి కపోతేశ్వరాలయం గర్భగుడి వెనకవైపు గుండ్రంగా, పైకప్పు ఏనుగు వీపులా వంగి ఉంటుంది. ఇది ఒకప్పుడు బౌద్ధ చైత్యమని కొందరు పండితులు, కాదు మొదటినుంచీ శివాలయమేనని ఇంకొందరు. ఊళ్ళోవాళ్ళ లెక్కలో అది శిబి చక్రవర్తి పావురాన్ని కాపాడటానికి తన ఒంటి మాంసం కోసిచ్చిన చోటు. ఆ శిబి కథ మహాభారతంలోనూ ఉంది, బౌద్ధ జాతకాల్లోనూ ఉంది. కాబట్టి వాదన ఎటు తిప్పినా తెగదు. కపోతేశ్వరుడికి అభిషేకాలు మాత్రం జరుగుతూనే ఉంటాయి. ఫెర్గూసన్ వారసులు ఎంతమంది వచ్చి ఎన్ని పుస్తకాలు రాసినా, ఒకళ్ళ మాట ఒకళ్ళు సరిచూసుకోవడానికి ఆ కట్టడం అక్కడే ఉంది. నాకైతే ఆ వాదన తెగకపోవడమే ఆ గుడి క్షేమంగా ఉందనడానికి గుర్తు.